కొండగుర్తులు నేర్చుకున్న పటం

భద్రాచలంలో ఇప్పటికీ చెప్పుకునే కథ ఒకటుంది. పోకల దమ్మక్క అనే ఆదివాసీ భక్తురాలికి రాముడు కలలో కనిపించి తానున్న చోటు చెప్పాడట. ఆమె ఆ జాడ పట్టుకుని అడవిలోకి వెళ్లి, పుట్టలోని విగ్రహాలను వెలికితీసి, పందిరి వేసి పూజలు చేసిందట. రామదాసుగా పేరొందిన గోపన్న గుడి కట్టించింది ఆ తరవాతే. దేవుడికైనా సరే, "ఇదిగో ఇక్కడున్నాడు" అని చెప్పే మనిషి ఒకరు కావలసి వచ్చింది.

మరి ఆ అడవి అంచున ఉన్న చిన్న కొట్టు సంగతి? చిరునామా రాయమంటే ఏం రాస్తారు? వీధికి పేరుండదు, గుమ్మానికి నంబరుండదు. ఉన్న పేర్లయినా నిలకడగా ఉంటాయా అంటే అదీ లేదు. భద్రాచలాన్ని ఆనుకుని ఉన్న ఎటపాకనే చూడండి. ఖమ్మం జిల్లాలో ఉన్న ఆ ఊరు 2014లో తూర్పుగోదావరిలో కలిసింది, 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లింది. ఊరు అంగుళం కదల్లేదు, చిరునామా మాత్రం మారుతూనే వచ్చింది. అయినా దారి అడిగితే ఎవరూ తడుముకోరు. "సెంటర్ దాటి, వేపచెట్టు దగ్గర ఎవరినడిగినా చెప్తారు" అంటారు.

ఈ ఒక్క మాటే కంప్యూటర్లకు కొరకరాని కొయ్య అయింది. 2005లో గూగుల్ మ్యాప్స్ మొదలైనప్పుడు అమెరికాలో చాలావరకు వీధులకు పేర్లున్నాయి, ఇళ్లకు అంకెలున్నాయి. మన దగ్గర చాలా ఊళ్లకు అంత వివరంగా గీసిన పటమే లేదు. ఉపగ్రహం తీసిన ఫొటోలున్నాయి కదా అంటే, వాటిలో రోడ్డు గీతలా, ఇల్లు చుక్కలా కనిపిస్తాయి. ఆ కప్పు కింద ఉన్నది బడో, కొట్టో, పశువుల పాకో ఉపగ్రహానికేం తెలుసు?

బెంగళూరు గూగుల్‌లో కాట్రగడ్డ లలితేష్, సంజయ్ జైన్‌ల బృందం ఈ చిక్కుముడి పట్టుకుంది. వాళ్లకు తట్టిన ఉపాయం వినడానికి చాలా మామూలుగా ఉంటుంది: ఊరి పటం ఊరివాళ్లే గీస్తే? ఉపగ్రహ చిత్రం మీద తెలిసినవాళ్లు రోడ్డు గీసి పేరు రాస్తారు, ఇంకొకరు సరిచూస్తారు. 2008 జూన్‌లో మ్యాప్ మేకర్ అలా పుట్టింది. మొదట కొన్ని ఇతర దేశాలకు ఇచ్చి, ఆ ఏడాదే మన దేశానికీ తెరిచారు.

పటం వచ్చింది గానీ, అది దారి చెప్పే తీరు మనవాళ్లకు అంతుబట్టలేదు. పేరే లేని వీధి చివర మలుపు తిరగమంటే ఎక్కడని తిరుగుతారు? గూగుల్ పరిశోధకులు దుకాణాలకు ఫోన్లు చేసి "మీ షాపుకి ఎలా రావాలండీ?" అని అడిగారు. జనం చేత దారి బొమ్మలు గీయించారు, దారి వెతుక్కునేవాళ్ల వెంట నడిచారు. అందరి నోటా కొండగుర్తులే. 2009 డిసెంబరులో పటం కూడా పెట్రోలు బంకు, గుడి ఆనవాళ్లతో దారి చెప్పడం మొదలుపెట్టింది.

ఊరివాళ్లే గీసే ఆ పద్ధతికి దెబ్బ కూడా తగిలింది. 2015లో ఎవరో ఆకతాయి పాకిస్తాన్‌లోని రావల్పిండి దగ్గర ఓ కొంటె బొమ్మ గీసేసరికి మ్యాప్ మేకర్‌ను కొన్నాళ్లు ఆపేశారు. 2017లో ఆ పేరు కనుమరుగై, పనంతా గూగుల్ మ్యాప్స్‌లో కలిసిపోయింది. ఈలోగా ప్లస్ కోడ్ వచ్చింది. భూమిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, సుమారు 14 మీటర్ల చదరానికి ఒక్కో సంకేతం ఇచ్చే పద్ధతి ఇది. జిల్లా పేరు ఎన్నిసార్లు మారినా ఆ సంకేతం మారదు.

పటంలో ఉండటం వేరు, వెతికినవాడికి కనబడటం వేరు. గూగుల్ చూసేవి ప్రధానంగా మూడు: అడిగినదానికి పొంతన, దూరం, పేరుప్రఖ్యాతి. ఆ అడవి అంచు కొట్టులో ఇప్పపువ్వు లడ్డు అమ్ముతారనుకోండి. అది కావాలనుకున్నవాళ్లలో ఒకరు తెలుగులో అడుగుతారు, ఒకరు ఇంగ్లిషు అక్షరాల్లో కొడతారు, ఇంకొకరు హిందీలో మహువా అంటారు. కొట్టు వివరాల్లో ఆ మాటలుంటే పొంతన కుదరడం తేలిక.

అసలు ఏమని అడగాలో తెలియనివాళ్ల సంగతేమిటి? అక్కడ వీడియో అక్కరకొచ్చింది. పచ్చి వెదురు బొంగులో మసాలా పట్టించిన కోడిమాంసం కూరి, ఆకుతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతారు. బొంగు చీల్చగానే ఆవిరి గుప్పుమంటుంది. భద్రాచలం నుంచి మారేడుమిల్లి వెళ్లే దారిలో దొరికే ఆ వంటకాన్ని ఫోన్లో చూసినవాడు, అప్పటిదాకా పేరు కూడా వినని బొంగులో చికెన్ కోసం బండి తీస్తాడు.

సరుకు పేరే ఊరి దారి చూపడమూ ఉంది. 2025 జూన్ 29న 'మన్ కీ బాత్'లో ప్రధాని భద్రాచలం మహిళల గురించి చెప్పారు. ఒకప్పుడు కూలికి వెళ్లినవాళ్లు 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' పేరుతో చిరుధాన్యాల బిస్కెట్లు చేస్తున్నారని, అవి హైదరాబాద్ నుంచి లండన్ దాకా వెళ్తున్నాయని. ఆ పేరులోనే ఊరి జాడ ఉంది చూశారా!

ఎవరైనా ఫోన్ చేస్తే మనం ఇప్పుడు "లొకేషన్ పెడతాను" అంటున్నాం. వేపచెట్టు మాట ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా. ఏదో ఒక రోజు ఆ ఊళ్లో దారి చెప్పేవాళ్లు "వేపచెట్టు దగ్గర" అనడం మాని "ఆ లడ్డూల కొట్టు దగ్గర" అంటే, కొట్టు దొరికినట్టే.