తీగ యజమానే కాపలాదారు: అమెరికా టెలిఫోన్ సంస్థలు – గృహభద్రతా సేవల చరిత్ర (1877–2022)

1. ఉపోద్ఘాతం

ఇంటికి టెలిఫోన్, అంతర్జాల సౌకర్యాలు అందించే సంస్థ ఆ ఇంటి కాపలా సేవను కూడా అమ్మవచ్చునా అన్న ప్రశ్న ‘స్మార్ట్ హోమ్’ కాలంలో కొత్తగా పుట్టినది కాదు. అమెరికాలో దీనికి సుదీర్ఘ చరిత్ర ఉంది. అమ్మవచ్చునా, కూడదా అన్నదానికన్నా ఏ షరతులకు లోబడి అమ్మాలన్నదే కీలకమని ఆ చరిత్రను పరిశీలిస్తే బోధపడుతుంది. ఆ షరతులను గుర్తించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఒకే తీగ – రెండు సేవలు

అగస్టస్ పోప్ 1853లో విద్యుత్తుతో పనిచేసే దొంగల అలారానికి పేటెంటు పొందాడు. ఆ హక్కులను ఎడ్విన్ హోమ్స్ కొని వ్యాపారంగా విస్తరింపజేశాడు. ఆయన కుమారుడు ఎడ్విన్ టి. హోమ్స్ 1877 మే నెలలో బోస్టన్‌లో తమ అలారం తీగలకే టెలిఫోన్లు అమర్చి, కొన్ని బ్యాంకులను ఒక స్విచ్‌బోర్డు ద్వారా కలిపాడు. పగలు మాటలను మోసిన తీగే రాత్రి కాపలా కాసింది. కాబట్టి ఈ రెండు సేవల మధ్య సహజవైరం ఉందనడానికి చారిత్రక ఆధారం లేదు.

అలారం సంస్థలను కేవలం బాధితులుగా చూడడం కూడా సరికాదు. 1966లో గ్రినెల్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఏడీటీ, హోమ్స్ తదితర అలారం సంస్థలను తన అధీనంలో ఉంచుకున్న గ్రినెల్ సంస్థను గుత్తాధిపత్య దోషిగా నిర్ధారించింది. గుర్తింపు పొందిన కేంద్ర పర్యవేక్షణ సేవల్లో ఆ సంస్థల వాటా 87 శాతం. పోటీని అణచే శక్తి ఇరువైపులా ఉందనడానికి ఈ తీర్పే నిదర్శనం.

3. 1996 చట్టం: నిషేధం, నియమం

1984 జనవరి 1న ఏటీ అండ్ టీ విభజన అమలులోకి వచ్చి, ఏడు ప్రాంతీయ బెల్ సంస్థలు ఏర్పడ్డాయి. ఇంటింటికీ వెళ్లే స్థానిక తీగ వాటి చేతిలోనే ఉంది. అలారం మోగితే సంకేతం సాధారణంగా ఆ తీగ మీదుగానే పర్యవేక్షణ కేంద్రానికి చేరాలి. తీగ యజమానే పోటీదారుగా మారితే తమ గతేమిటన్నది అలారం సంస్థల ఆందోళన.

1996 ఫిబ్రవరి 8న ఆమోదముద్ర పొందిన టెలికమ్యూనికేషన్ల చట్టంలోని 275వ సెక్షన్ దీనికి సమాధానమిచ్చింది. బెల్ సంస్థలు అలారం పర్యవేక్షణ సేవలోకి ప్రవేశించకుండా అయిదేళ్ల నిషేధం విధించింది. 1995 నవంబరు 30 నాటికే ఆ సేవ అందిస్తున్న సంస్థకు మినహాయింపునిచ్చింది. ఆ మినహాయింపు ఫలం అమెరిటెక్‌కు దక్కింది.

నిషేధం తాత్కాలికమే. అయితే అదే సెక్షన్‌లోని మరో రెండు నియమాలు ఇంకా లోతైనవి. మొదటిది, స్థానిక టెలిఫోన్ సంస్థ తన అలారం సేవకు సమకూర్చుకునే నెట్‌వర్క్ సౌకర్యాలను ఇతర అలారం సంస్థలకు కూడా వివక్ష లేకుండా అందించాలి. రెండవది, అలారం సంస్థలకు వచ్చే కాల్స్ వివరాలను తన అలారం సేవల అమ్మకానికి వాడుకోరాదు. ఏ ఇంటి నుంచి ఏ అలారం కేంద్రానికి కాల్ వెళ్లిందో తెలిస్తే చాలు, పోటీదారు ఖాతాదారుల జాబితా చేతికి చిక్కినట్లే. ఆ సమాచారమే అసలైన ఆయుధమని శాసనకర్తలు గుర్తించారు.

4. చట్టం ఊహించనిది

ఏటీ అండ్ టీ 2013లో ‘డిజిటల్ లైఫ్’ పేరిట కెమెరాలు, తలుపుతాళాలు, ఉష్ణోగ్రత నియంత్రణ కలిసిన సేవను ప్రారంభించింది. 2022 ఫిబ్రవరిలో తన 3జీ నెట్‌వర్కును నిలిపివేసినప్పుడు ఆ సేవ కూడా ముగిసింది. 3జీపై ఆధారపడిన ఇతర సంస్థల అలారం పరికరాలనూ మార్చవలసి వచ్చింది. గడువు పొడిగించాలని అలారం పరిశ్రమ నియంత్రణ సంస్థకు విన్నవించుకుంది. నెట్‌వర్క్ ఎంతకాలం కొనసాగాలన్న నిర్ణయం దాని యజమానిదైతే, ఇంటి కాపలా ఆయుష్షు కూడా అతని చేతిలోనే ఉంటుంది. 275వ సెక్షన్ సమానత్వాన్ని కోరిందే గాని, కొనసాగింపును కోరలేదు.

5. ముగింపు

ఎయిర్‌టెల్ 2022లో ‘ఎక్స్‌సేఫ్’ పేరిట గృహ నిఘా సేవను ప్రారంభించడంతో ఈ చర్చ మనకూ సన్నిహితమైంది. గత అనుభవం ప్రకారం శాశ్వత నిషేధం అనవసరం. అది పాత గుత్తసంస్థలకే రక్ష కావచ్చు. వివక్ష లేని నెట్‌వర్క్, కాల్ సమాచార గోప్యత, సేవ నిలిపేముందు తగిన గడువు, పరికరాల మార్పిడి బాధ్యత అనే నాలుగు షరతులు ఉన్నప్పుడే ఈ అమ్మకం సమంజసం. ఇంటి కాపలాను అప్పగించిన గృహస్థుకు కాపలాదారుపై కూడా ఒక కన్నుండాలి. ఆ కన్ను చట్టమే కావాలి.