రాతి గొడ్డలి ఏ ఊరిది?

పూర్వపు వరంగల్ జిల్లాను 2016లో విభజించినప్పుడు ఏర్పడిన జిల్లాలలో జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అనునవి మూడు. పాలనా సౌకర్యము కొరకు గీచిన ఈ గీతలకు భూగర్భముతో సంబంధము లేదు. అయినను ఈ మూడింటిని ఒకచోట పెట్టి చూచిన విద్యార్థికి మంచి పాఠమొకటి దొరకును. జనగామ నేల గ్రానైట్ నేల. గుండ్లను ఒకదానిపై నొకటి పేర్చినట్లుండు గుట్టలు, వాని నడుమ అక్కడక్కడ గోడవలె సాగిపోవు నల్లరాతి చాళ్లు. ఈ నల్లరాయిని శాస్త్రజ్ఞులు డోలరైట్ అందురు. భూమి లోపలినుండి కరగిన రాయి ఎగదన్నుకొని వచ్చి గ్రానైట్ పగుళ్లలో గడ్డకట్టగా ఏర్పడిన రాయి ఇది. మహబూబాబాద్ జిల్లాలో కొంత భాగము ఇట్టి నేలయే. అడవి వైపు పోయిన కొలది పాకాల శ్రేణికి చెందిన పలకరాళ్లు, గట్టి ఇసుకరాళ్లు, సున్నపురాళ్లు కానవచ్చును. బయ్యారపు ఇనుపరాయి సంగతి అందరు విన్నదే. ఇక భూపాలపల్లికి చేరునప్పటికి అంతయు గోదావరి లోయ. పైన ఇసుకరాయి, దాని నడుమ బొగ్గు పొరలు.

ఇసుకరాయి గుహలకు మంచిది. రేగొండ మండలములోని పాండవుల గుట్టలో ఆదిమానవులు రాతి గోడలపై గీచిన ఎఱ్ఱని బొమ్మలు నేటికిని ఉన్నవి. కత్తిని సాన పట్టుటకు కూడ ఇసుకరాయి మంచిదే. కాని దానితో గొడ్డలి చేసినచో చెట్టుమీద నాలుగు దెబ్బలు పడకముందే అంచు ఇసుకయై రాలిపోవును. అందుచేత భూపాలపల్లి వైపు ఒక పొలములో నల్లరాతి గొడ్డలి బయటపడినదనుకొందము. అప్పుడు మనము వేయవలసిన మొదటి ప్రశ్న, దీని వయస్సెంత అని కాదు. ఈ రాయి ఇక్కడికెట్లు వచ్చినది?

రాయి కదలుటకు రెండు దారులు కలవు. ఒకటి నీరు, రెండవది మనిషి. గోదావరి మహారాష్ట్రలోని నల్లరేగడి నేలల క్రిందినున్న లావారాతినుండి స్ఫటిక జాతి గులకరాళ్లను, అగేట్లను, చెకుముకి వంటి రాళ్లను దొరలించుకొని వచ్చి మన ఒడ్డున పోయుచున్నది. అట్టి గులకరాతిని పగులగొట్టి చేసిన పనిముట్టు మీద నీటిలో దొరలి నున్ననైన పైపెంకు కొంత మిగిలియుండుట కలదు. అది దూరదేశపు రాయియే గాని దిగుమతి చేసుకొన్నది కాదు, ఏరుకొన్నది. నదికి దూరముగా, ఎత్తైన ఇసుకరాతి గుట్టమీద దొరకిన గొడ్డలి సంగతి వేరు. నీరు గుట్ట ఎక్కదు. ఆ గొడ్డలిని ఎవరో చేతపట్టుకొని తెచ్చియుండవలెను. దిగుమతి అనగానే ఓడలు, బండ్లు తలచుకొన నక్కరలేదు. భూపాలపల్లి ఇసుకరాతినుండి పరకాల వైపు గ్రానైట్ నేలకు ఒకటి రెండు దినముల నడక చాలును. అయినను ఆ నడక ఎవరి భూమి మీదుగా సాగినది? రాయి గలవారు లేనివారికి ఊరకనే ఇచ్చిరా? చరిత్ర అక్కడ ఆరంభమగుచున్నది.

దక్కనులో రాతి పనిముట్లను గుర్తించినది 1842లో. నాటి నిజాము రాజ్యములోని లింగసుగూరు వద్ద ప్రిమ్‌రోజ్ అను వైద్యుడు వానిని కనుగొనెను. తరువాత భూగర్భ శాఖలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫూట్ దక్షిణ దేశమంతట తిరిగి వేలకొలది పనిముట్లు సేకరించెను. ఆయన చూచిన చోట్లలో అన్నింటికంటె ముఖ్యమైనది బళ్లారి చేరువనున్న సంగనకల్లు, కుప్పగల్లు గుట్టల సముదాయము. బళ్లారి నేడు కర్ణాటకములో నున్నను, 1953 వరకు దత్తమండలములలో భాగముగా మద్రాసు రాష్ట్రములో నుండెను; నేటికిని అక్కడ తెలుగు కుటుంబములు కొల్లలు. 1946లో బెండపూడి సుబ్బారావు అక్కడ త్రవ్వకములు జరిపెను. ఈ శతాబ్దములో రవి కొరిశెట్టర్, నికోల్ బోయివిన్, డోరియన్ ఫుల్లర్ మున్నగువారు ఆ పనిని ముందుకు సాగించిరి.

అక్కడి హిరేగుడ్డ అను గ్రానైట్ కొండను చీల్చుకొని ఒక డోలరైట్ చాలు పోవుచున్నది. నవీన శిలాయుగపు పనివారు ఆ చాలునుండి రాతి తునుకలను తీసికొని, సుత్తిరాళ్లతో పెచ్చులు లేపి గొడ్డలికి ముతక రూపు తెచ్చిరి. తరువాత చిన్న చిన్న దెబ్బలతో మిట్టలను పొడిపొడిగా రాల్చి చదును చేసిరి. చివరకు గ్రానైట్ బండలపై నీరు, ఇసుక చల్లుచు గంటలకొలది నూరి అంచు దీసిరి. ఆ నూరుడు వలన బండలమీద పడిన గాళ్లు ఇప్పటికిని కనబడును. పనివారు వదలిన పెచ్చులు కొండపై గుట్టలుగా పడియున్నవి. ఒక్క ఊరి అవసరమునకు ఇన్ని గొడ్డళ్లు అక్కరలేదు. సుమారు క్రీ.పూ. 1400 నుండి 1200 వరకు ఈ పరిశ్రమ ఉచ్చదశలో నుండెనని, ఇచ్చటి గొడ్డళ్లు చుట్టుపట్ల సీమలకు పోయెనని పరిశోధకుల అభిప్రాయము.

ఈ కొండకు మరియొక విశేషము కలదు. కుప్పగల్లు డోలరైట్ గుండ్లలో కొన్ని, రాతితో కొట్టినచో గంటవలె మ్రోగును. మాటిమాటికి కొట్టుటచేత వానిపై గుంటలు పడినవి. ఆ గుండ్లపైననే మూపురపు ఎద్దుల బొమ్మలు, మనుష్యుల బొమ్మలు చెక్కబడియున్నవి. కొన్నింటిని చేరుటకే కష్టపడి ఎక్కవలెను. ఇట్టి చోటు ఆ జనులకు వట్టి రాతిగని మాత్రమే అయియుండదు. మ్రోగెడి కొండనుండి వచ్చిన గొడ్డలికి, పెరటి వెనుక దొరకిన రాతితో చేసిన గొడ్డలికి విలువ ఒకటేయని వారు తలచియుందురని నేను నమ్మను.

అయితే ఆ విలువ ఎట్టిది? మన దేశములో అడుగుటకు ఆ గొడ్డళ్లు వాడినవారు మిగిలి లేరు. కనుక కాస్త దూరము పోవలెను. ఆస్ట్రేలియా ఉత్తరమున కేప్ యార్క్ ద్వీపకల్పపు పడమటి తీరమున యిర్ యోరాంట్ అను తెగవారు నివసించుచుండిరి. లారిస్టన్ షార్ప్ అను అమెరికను మానవశాస్త్రజ్ఞుడు వారితో నివసించి, 1952లో ఒక వ్యాసము ప్రకటించెను. వారి నేల ఒండ్రుమట్టి. గొడ్డలికి తగిన రాయి లేదు. రాయి 400 మైళ్ల దక్షిణముననున్న గనులనుండి చేతులు మారుచు వచ్చెడిది. బదులుగా వీరు, విషపు ముల్లుగల ఒక సముద్రపు చేప తోకముళ్లను గ్రుచ్చిన బల్లెములను పంపెడివారు. దక్షిణముగా 150 మైళ్ల దూరమున ఒక బల్లెమునకు ఒక గొడ్డలి. గని చేరువకు పోయిన కొలది అదే బల్లెమునకు గొడ్డళ్లు పెక్కు దొరకియుండవలెనని షార్ప్ ఊహ. ఈ మారకము ఏటేట జరుగు జాతరలలో సాగెడిది. పరదేశమున తనకొక మారకపు చెలికాడు ఉండుట ప్రతి మగవానికి గౌరవము.

గొడ్డలి సొంతదారులు పెద్దవయస్సు మగవారు. కట్టెలు కొట్టునది ఎక్కువగా ఆడువారే, అయినను గొడ్డలి వారిది కాదు. భర్తనో అన్ననో తండ్రినో అడిగి తీసికొని మరల అప్పగించవలెను. పిల్లవాడు అడిగి తీసికొనవలెను. అడుగుటలో ఎవరు పెద్ద, ఎవరు చిన్న యని దినమునకొకసారి గుర్తుకు వచ్చుచుండెను. ఇరువదవ శతాబ్దపు ఆరంభమున క్రైస్తవ మిషనువారు వచ్చి, మంచి ఉద్దేశముతోనే, ఉక్కు గొడ్డళ్లను ఆడువారికి, పడుచువారికి పంచిపెట్టిరి. ఉక్కు గొడ్డలి బాగుగ నరకును, సందేహము లేదు. కాని ముసలివాడు తన భార్యనుండియో, కుఱ్ఱవానినుండియో గొడ్డలి అడిగి తెచ్చుకొనవలసిన స్థితి వచ్చెను. మారకపు చెలికాండ్రు అక్కరలేకపోయిరి. జాతరలకు పోవుటలో ఉత్సాహము తగ్గెను. ఒక పనిముట్టు మారుటతో తెగ నడిచిన కట్టుబాటే సడలెను.

ఈ కథను ఉన్నదున్నట్లు దక్కనుకు తగిలించరాదు. యిర్ యోరాంట్ వారు వేటతోను, ఏరుకొనుటతోను బ్రతికినవారు. మనవారు పశువుల కాపరులు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఉట్నూరు బూడిదదిబ్బను 1957లో ఆల్చిన్ త్రవ్వినప్పుడు మందలను కట్టిన దొడ్ల ఆనవాళ్లు స్పష్టముగా కనిపించినవి. వీరి సంపద ఎద్దు. కావున గొడ్డలి ఒక్కటే హోదాను నిలిపియుండదు. అయినను రాయి లేని సీమలో రాయిగలవాడెవడు, ఎవరి చుట్టరికముతో అది వచ్చినది అను ప్రశ్నలు భూపాలపల్లి ఇసుకరాతి నేలకు తగినవే.

ఇచ్చట ఒక పాత పొరపాటును గూర్చి చెప్పవలెను, ఏలయన అది పాఠ్యగ్రంథములలో చాల కాలము నిలిచినది. పరదేశపు గొడ్డలి దొరకినచో పరదేశపు జాతి వచ్చెనని నిర్ణయించుట ఆ పొరపాటు. 1932లో హైనె గెల్డెర్న్ అను ఆస్ట్రియా పండితుడు భుజములు గల రాతి గొడ్డళ్లను ఆస్ట్రో ఆసియాటిక్ భాషలు మాటలాడువారితో ముడిపెట్టెను. అస్సాములోను, ఒడిశాలోను అట్టి గొడ్డళ్లు దొరకినవి. ఈ వాదమును గోదావరి దాకా లాగినవారును కలరు. కాని గోదావరి అడవులలోని కోయలు, గోండులు మాటలాడునవి ద్రావిడ భాషలు. గొడ్డలికి భాష లేదు. ఐరోపాలో దీనికి మరింత చక్కని ఉదాహరణము కలదు. ఇటలీ దేశపు ఆల్ప్స్‌లోని మోంటె వీసో కొండపైనుండి తీసిన పచ్చని రాతితో చేసిన గొడ్డళ్లు ఫ్రాన్సు దాటి బ్రిటను, ఐర్లండుల వరకు దొరకినవి. వానిలో కొన్ని అతి పలుచగా, అద్దమువలె నునుపుగా ఉండి, ఎన్నడును చెట్టును తాకని గుర్తులు గలవి. ఇటలీ వారు ఐర్లండుకు తరలిపోయి నివసించి నందువలన కాదు. చేయి చేయి మారి పోయినవి.

రాయి పుట్టిల్లు కనుగొనుటకు ఇంగ్లండులో 1936 నుండి వరుసగా జరిగిన పని ఆదర్శమైనది. గొడ్డలినుండి చిన్న ముక్క కోసి, 0.03 మిల్లీమీటరు మందము వచ్చువరకు అరగదీసి, సూక్ష్మదర్శినిలో ఖనిజములను చూతురు. 1964లో కాన్, రెన్‌ఫ్రూ అనువారు అగ్నిపర్వతపు గాజురాతిలోని అల్ప మూలకములను కొలిచి, ఏ పనిముట్టు ఏ కొండదో తేల్చుట చూపిరి. ఇప్పుడు ఎక్స్-కిరణములతో గొడ్డలిని కోయకుండనే మూలకములను కొలువవచ్చును. మన డోలరైట్ విషయములో చిక్కేమనగా, చాళ్లు వందలు. ఒకదానికొకటి అక్కచెల్లెండ్రవలె పోలియుండును. జనగామ చాలునుండి వచ్చినదో, దాని ప్రక్క చాలునుండి వచ్చినదో చెప్పవలెనన్న ముందుగా చాళ్లన్నింటిని వరుసగా పరీక్షించి పట్టిక వ్రాయవలెను.

ఆ పట్టికకు వ్యవధి తక్కువ. ఇండ్లలో వంటగట్టుకు పరచు నల్ల గ్రానైట్ అనునది చాలవరకు ఈ డోలరైట్ జాతి రాయియే. చాళ్లను కోసి పలకలుగా అమ్ముచున్నారు. కుప్పగల్లు కొండకు కూడ రాతి క్వారీల బెడద తప్పలేదు. ట్రాక్టరు వచ్చిన తరువాత చేలు చదునైనవి. దొరకిన గొడ్డలిని కొందరు పిడుగురాయి యని భావించి వేపచెట్టు క్రింద పెట్టి పసుపు కుంకుమలు పూయుదురు. ఇది ప్రపంచమంతటను ఉన్న నమ్మకము. పురాతత్త్వ శాఖవారు నొచ్చుకొందురేమో గాని, గొడ్డలికి దానివలన వచ్చిన హాని స్వల్పము. ఊరిలోనే యుండును గదా! బడి బీరువాలోనికి చేరి, ఏ చేనులో దొరకినదో వ్రాసిన చీటి లేని గొడ్డలికి జరిగిన హాని పెద్దది. ఫూట్ సేకరణను మద్రాసు మ్యూజియము 1904లో కొన్నది. దాని వివరణ పట్టికలు 1914, 1916లలో వెలువడినవి. నూరేండ్లు దాటినను పరిశోధకులు ఆ పట్టికలను తెరచుటకు కారణము, ఒక్కొక్క రాయి ఏ ఊరి ఏ గుట్ట దగ్గర దొరకినదో ఆయన వ్రాసిపెట్టుటయే.

క్రీ.పూ. 1000కి అటునిటుగా దక్కనులో ఇనుము వ్యాపించెను. గొడ్డలికి నల్లరాతి చాలు అక్కరలేకపోయెను. ఇనుపరాయి, బొగ్గుకు అడవి, ఊదుటకు తిత్తి కావలసివచ్చెను. అంతవరకు రాయికొరకు పడమటి గ్రానైట్ నేలవైపు చూచిన అడవి సీమలో, బయ్యారము వంటి ఇనుపరాతి గుట్టలుండుట గమనింపదగినది. ఆపై ఎవరు ఎవరి ఊరికి గొడ్డలి కొరకు నడిచిరో!