బహమనీలు ఎవరి సంతానం?

1347 ఆగస్టులో దౌలతాబాదులో ఢిల్లీ మీద తిరగబడిన అమీర్లు హసన్ అనే సైనికాధికారిని సుల్తానుగా నిలబెట్టారు. ఆ వంశమే బహమనీ వంశం. మొదట గుల్బర్గా నుంచి, తొమ్మిదో సుల్తాను అహ్మద్ షా కాలం నుంచి బీదర్ కోటలోంచి, అది దక్కన్‌ను ఏలింది. హసన్ తండ్రి ఎవరన్నది మాత్రం అప్పుడూ తేలలేదు. దక్కన్ చరిత్రను ఇంగ్లీషులోకి తెచ్చుకోవడం మొదలుపెట్టిన ఈస్టిండియా కంపెనీ అధికారుల చేతికి ఈ చిక్కుముడి 19వ శతాబ్దంలో వచ్చింది.

వాళ్లకు మొదట దొరికిన ఆధారం ఫిరిస్తా. కాస్పియన్ తీరపు అస్తరాబాదులో పుట్టి, అహ్మద్‌నగర్‌లో కొలువు చేసి, 1589లో బీజాపూర్ చేరి, రెండో ఇబ్రహీం ఆదిల్ షా కోసం పారశీకంలో పెద్ద చరిత్ర రాశాడు. మద్రాసు సైన్యానికి చెందిన జాన్ బ్రిగ్స్ 1829లో దాన్ని నాలుగు సంపుటాలుగా అనువదించాడు. అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల దాకా పాకిన కథ ఇది. హసన్ ఢిల్లీలో గంగూ అనే బ్రాహ్మణ జ్యోతిష్కుడి దగ్గర పని చేసేవాడు. గంగూ ఇచ్చిన చెలకను దున్నుతుంటే నాగలి గొలుసుకు తగులుకుంది. గొలుసు చివర బంగారు నాణేల బిందె ఉంది. హసన్ దాన్ని దాచుకోకుండా యజమానికి అప్పజెప్పాడు. గంగూ అతని జాతకం చూసి రాజయోగం ఉందన్నాడు. రాజువైతే నా పేరు నీ పేరుతో కలుపుకో, నీ ఖజానా నాకు అప్పగించు అని మాట తీసుకున్నాడు. అందుకే హసన్ గంగూ, అందుకే బ్రాహ్మణ పదం నుంచి బహమనీ అంటాడు ఫిరిస్తా.

లంకెబిందెల కథ తెలుగు పల్లెల్లో ఎవరికీ కొత్త కాదు. ఫిరిస్తా కథలో అసలు విషయం బిందెలో కాదు, ఖజానాలో ఉంది. దక్కన్ సుల్తానుల లెక్కలన్నీ బ్రాహ్మణుల చేతిలో ఎందుకు ఉన్నాయన్నదానికి ఆయన ఇచ్చిన వివరణ అదే: గంగూతో మొదలైందట. తన చుట్టూ కనిపిస్తున్న కులకర్ణీలు, దేశ్‌పాండేల వ్యవస్థకు ఆయన రెండున్నర శతాబ్దాల వెనక ఒక మూలపురుషుణ్ణి వెతికిపెట్టాడు.

రెండో వాదం రాజులదే. ఇరాన్ పురాణగాథల్లోని ఇస్ఫందియార్ కొడుకు బహ్మన్ తమ మూలపురుషుడన్నారు. హసన్ కొలువులోనే ఉండి 1350లో పద్యచరిత్ర ముగించిన ఇసామీ కూడా ఈ మాటే అన్నాడు. హసన్ నాణేల మీద గంగూ లేడు, ఉన్నది బహ్మన్ షా. దరిమిలా బీదర్‌కు వచ్చిన ఇస్ఫరాయిన్ కవి ఆజరీ బహ్మన్ నామా రాశాడు. ఆ గ్రంథం ఇప్పుడు లేదు. ఇంటి ముంగిట నిలబడి గోత్రాలూ తరాలూ చదివే పిచ్చిగుంట్లవాళ్లు తెలుగు నేల మీద, హెళవలు కన్నడ నేల మీద చేసే పనినే కొలువు కవి పారశీకంలో చేశాడు. వంశం చెప్పేవాడు సంభావన ఇచ్చే ఇంటి తరాలను తక్కువ చేసి చెప్పడు.

బ్రిటిష్ పరిశోధనలో మలుపు నాణేలతో వచ్చింది. 1881లో గిబ్స్, 1898లో కాడ్రింగ్టన్ బహమనీ నాణేల వివరాలు ప్రచురించారు. మేజర్ కింగ్ 1900లో బుర్హాన్-ఇ-మాసిర్ ఆధారంగా బహమనీ చరిత్ర వెలువరించాడు. అది అహ్మద్‌నగర్ కొలువులో అలీ తబాతబా రాసినది. 1904లో వూల్జ్‌లీ హేగ్ నాణేలనూ తబాతబా గ్రంథాన్నీ ఫిరిస్తా పక్కన పెట్టి చదివాడు. ఫిరిస్తా రాసిన వంశవృక్షం కొమ్మ కొమ్మగా విరిగింది. ఐదో సుల్తాను పేరు మహమూద్ అని ఫిరిస్తా పట్టుబట్టాడు. నాణేల మీద ముహమ్మద్ అని ఉంది. ఆయన హసన్ కొడుకన్నాడు ఫిరిస్తా, మనవడన్నాడు తబాతబా.

బీదర్‌కు దగ్గరగా తగిలే ప్రశ్న మరొకటి: సుల్తానులైన ఫిరూజ్, అహ్మద్ అన్నదమ్ములు ఎవరి కొడుకులు? 1378లో హసన్ కొడుకు దావూద్ తన అన్న కొడుకైన సుల్తాను ముజాహిద్‌ను చంపించి గద్దె ఎక్కి, నెల తిరిగేసరికి తానూ హత్యకు గురయ్యాడు. ఫిరూజ్, అహ్మద్ ఆ దావూద్ కొడుకులని ఫిరిస్తా లెక్క. కాదు, హసన్ మరో కొడుకు అహ్మద్ ఖాన్ సంతానమని తబాతబా లెక్క. చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ, 1397లో ఫిరూజ్ గద్దెను పట్టుకోవడం చంపబడ్డ రాజు కొడుకు తన వాటా తీసుకోవడమా, పక్క కొమ్మవాడు లాక్కోవడమా అన్నది దీన్నిబట్టే ఉంటుంది. హేగ్ తబాతబా వైపు మొగ్గాడు. తరువాతి చరిత్రకారులూ ఎక్కువగా అదే ఒప్పుకున్నారు. గంగూ అన్న పేరుకు కూడా హేగ్ ఒక దారి చూపాడు. పాత రాతల్లోని కాంకూ అన్న మాట, తండ్రి పేరైన కైకావూస్‌ను లేఖకులు తప్పుగా ఎత్తి రాయడం వల్ల పుట్టిందన్నాడు. పారశీక లిపిలో చుక్కలు ఎటు పడితే అటు చదువుకోవచ్చు కనుక ఇది కొట్టిపారేయదగ్గ ఊహ కాదు. రుజువు కూడా కాదు.

తబాతబా నమ్మదగినవాడన్న పేరు మాత్రం అహ్మద్‌నగర్ దగ్గరికి వచ్చేసరికి నిలబడదు. బీదర్ కొలువులో పెరిగిన మలిక్ హసన్ నిజాముల్ ముల్క్ బహ్రీ కొడుకు అహ్మద్, అహ్మద్‌నగర్ రాజ్యస్థాపకుడు. ఆ అహ్మద్ నిజానికి బహమనీ సుల్తాను కొడుకేనని, తన యజమానుల మూలపురుషుణ్ణి తబాతబా రాజవంశంలో కలిపేశాడు. అప్పటికి బీజాపూర్‌లో ఉన్న ఫిరిస్తాకు ఆ మొహమాటం లేదు. మలిక్ హసన్ అసలు పేరు తిమ్మప్ప, తండ్రి భైరవుడు, బ్రాహ్మణులు, విజయనగరం మీది దండయాత్రలో పసివాడు చిక్కాడని రాశాడు. బహ్రీ అన్న బిరుదు భైరవ శబ్దమేనని కూడా అన్నాడు. పారశీకంలో బహ్రీ అంటే డేగ. ఈ కథను ఆసరా చేసుకునే ఒక యుద్ధమూ జరిగింది. పూర్వీకులు కులకర్ణీలుగా ఉన్న పాథ్రీని తమకు ఇచ్చి బదులు వేరే ఊరు తీసుకొమ్మని అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షా బేరారు సుల్తానును అడిగాడు. కాదనిపించుకుని 1518లో బలవంతంగా పట్టుకున్నాడు.

ఫిరిస్తా తన సొంత యజమాని దగ్గర తబాతబా పనే చేశాడు. బీజాపూర్ స్థాపకుడు యూసుఫ్ ఆదిల్ ఖాన్, ఉస్మానీ సుల్తాను రెండో మురాద్ కొడుకట. 1451లో మురాద్ పోయాక తమ్ముళ్లను చంపమని కొత్త సుల్తాను ఆజ్ఞ ఇస్తే, తల్లి వేరే పిల్లవాణ్ణి చూపించి ఇతన్ని సావా పట్టణపు వర్తకుడికి అప్పగించిందట. చివరికి బీదర్‌లో బహమనీ మంత్రి మహమూద్ గవాన్ అతన్ని కొన్నాడట. రఫీఉద్దీన్ షీరాజీ అదే బీజాపూర్‌లో రాసిన చరిత్రలో యూసుఫ్ సావా పాలకుడి కొడుకు మాత్రమే. పోర్చుగీసువాళ్లు అతన్ని సబాయో అన్నారు. ఆ పలుకులో సావా వినిపిస్తుంది, ఉస్మానీ రాజధాని కాదు.

గోల్కొండ స్థాపకుడు సుల్తాన్ కులీ హమదాన్ నుంచి బీదర్‌కు వచ్చిన కరా కోయున్లు తెగవాడు. ఆ రాజ్యం గురించి ఫిరిస్తా రాసింది చాలక, బ్రిగ్స్ ఒక గోల్కొండ చరిత్రను అనుబంధంగా చేర్చాడు. బీదర్‌నే ఏలిన బరీద్ షాహీల మూలపురుషుడు కాసిం బరీద్ బానిసగా వచ్చిన తుర్కు. వాళ్లు తమ వంశాన్ని ఏ పురాణ రాజుకూ ముడిపెట్టుకోలేదు. బహమనీ కొలువులో ఎవరి పుట్టుపూర్వోత్తరాలైనా మనకు బాగా తెలుసంటే అవి గవాన్‌వే. గీలాన్‌లో మంత్రుల కుటుంబం వాడు. అతని ఉత్తరాలు సంకలనంగా మిగిలాయి. అతను రాజవంశం స్థాపించలేదు. 1481లో దొంగ ఉత్తరం సాకుగా అతన్ని చంపించారు.

నిజాం రాజ్య పురావస్తుశాఖను నడిపిన గులాం యజ్దానీ, బీదర్ కట్టడాల మీద 1947లో తన గ్రంథాన్ని వెలువరించాడు. ఆ పరిశోధనలో వంశాల మాట పుస్తకాల నుంచి గోడల మీదికి వచ్చింది. బీదర్ ఊరవతల అష్టూరులో, అహ్మద్ షా గోరీ లోపల, రంగుల రాతల మధ్య షజరాలు, అంటే వంశవృక్షాలు, ఉన్నాయి. అవి రాజు తాతముత్తాతల పేర్లు కావు. కిర్మాన్ సూఫీ షా నిమతుల్లా గురుపరంపర. అహ్మద్ షా ఆయన కుటుంబాన్ని పట్టుబట్టి రప్పించుకుని, ఆయన మనవడు నూరుల్లాకు కూతురినిచ్చి పెళ్లి చేశాడు. నిమతుల్లా కొడుకు ఖలీలుల్లా కోసం అష్టూరు దారిలో కట్టిన సమాధే చౌఖండీ. ప్రవక్త ఇంటి సయ్యదులతో వియ్యమందాక, ఇస్ఫందియార్ వరకూ తరాలు చదివించుకునే పని అంతగా మిగలదు.

లింగాయతులు ఇదే అహ్మద్ షాను తమ శరణుడు అల్లమప్రభు అంశగా కొలుస్తారు. అష్టూరు ఉరుసుకు గుల్బర్గా ప్రాంతపు మాడ్యాళ నుంచి జంగమ గురువు శిష్యులతో కలిసి వస్తాడు.