దేవాలయముల మరమ్మతు – పని నేర్చిన చేతుల చరిత్ర

శతవార్షికోత్సవ సంచికలలో మందిరమునకు పునాది వేసిన మిషనెరీల పేర్లు, ప్రతిష్ఠించిన బిషప్పుల పేర్లు, విరాళము లిచ్చిన దాతల పేర్లు కనుపించును. అవి ఉండవలసినవే. అయితే ఏ కట్టడమైనను ప్రతిష్ఠ జరిగిన మరుసటి వానకాలము నుండియే పాడగుట మొదలిడును. పెంకు జారును, గోడ చెమ్మగిల్లును, తూములో రావిమొక్క మొలచును. ఆ పెంకును సర్ది, ఆ మొక్కను వేరుతో పెరికి, గోడకు గచ్చు పూసిన వారి సంగతి మనము ఎన్నడును వ్రాసికొనలేదు. వారు ఆ పని ఎవరియొద్ద, ఏ విధముగా నేర్చిరి, నేడు నేర్చువారు ఎందుకు తగ్గిపోయిరి అను విషయమును ఈ వ్యాసములో మనవి చేయదలచితిమి.

ఈ చిక్కు కొత్తది కాదు. యోవాషు రాజు మందిరమును బాగుచేయుమని యాజకులకు ఆజ్ఞాపించెను. అతని యేలుబడిలో 23వ సంవత్సరము వచ్చినను శిథిలమైన చోట్లు అట్లే యుండెనని రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయములో చదువుచున్నాము. అప్పుడు యెహోయాదా పెట్టె మూతకు బెజ్జము చేసి బలిపీఠము దగ్గర నుంచెను. అందులో పడిన సొమ్ము వడ్రంగులకు, కాసెపనివారికి, రాళ్లు చెక్కువారికి చేరు ఏర్పాటు జరిగెను. గురువుల సమావేశములలో ఈ అధ్యాయము మీద ప్రసంగమును మేమింతవరకు వినలేదు! నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలు, అహోలీయాబులకు పనితనముతో పాటు ఇతరులకు నేర్పు బుద్ధియు ఇయ్యబడినదని కలదు. ఆ రెండవ వరమును మనము అంతగా గమనింపము.

మన దేశములో కట్టడపు పని నేర్చుటకు పూర్వము బడి లేదు, పుస్తకము లేదు. పిల్లవానిని మేస్త్రి దగ్గర పనికి పెట్టుదురు. మొదట నీళ్లు మోయుట, ఇసుక జల్లించుట, పని ముగిసిన తరువాత సామాను కడుగుట. తాపీ చేతి కిచ్చుటకు ఎంత కాలము పట్టునో మేస్త్రి ఇష్టము. అటుపిమ్మట మూలమట్టము, రసమట్టము, దారమునకు కట్టిన గుండు – ఇవి ఒక్కొక్కటిగా చేతికి వచ్చును. కట్టుట నేర్చిన తరువాత గాని మరమ్మతు నేర్పరు. అందులో న్యాయమున్నది. కొత్త గోడ కట్టువాడు తన పని తాను చేసికొనును గాని, పాత గోడను బాగుచేయువాడు ఎన్నడో గతించిన మరియొక మేస్త్రి మనస్సులో ఏమున్నదో కనిపెట్టవలెను.

అందరికంటె ఎక్కువ కాలము పట్టునది సున్నపు పని. సున్నపురాతిని బట్టీలో ఇంచుమించు 900 డిగ్రీల వేడిమికి కాల్చగా అందులోని బొగ్గుపులుసు వాయువు పోవును. స్వచ్ఛమైన రాయి 100 కిలోలు కాల్చిన మిగులు సున్నము 56 కిలోలే. దానిపై నీళ్లు పోయగా కుతకుత ఉడికి విరియును. దానిని జల్లించి, ఇసుక కలిపి, గుండ్రని కాలువలో ఎడ్లు తిప్పు రాతిచక్రము క్రింద నలుగగొట్టుదురు. అదియే మన పెద్దలు చెప్పు డంగు సున్నము. చోటును బట్టి బెల్లపు నీళ్లు, కరక్కాయ ఊరవేసిన నీళ్లు కలుపుట వాడుక. గోడకు పూసిన పిమ్మట అది గాలిలోని వాయువును మరల మెల్లగా పీల్చుకొని తిరిగి రాయి యగుచుండును. ఈ పనిలో తొందర పనికిరాదు. పాలు ఎంత, తడి ఎంత, ఎన్నాళ్లు తడుపవలెను అను సంగతులు ఎండను బట్టి, ఇసుకను బట్టి మారును గనుక వీటిని చేతితో ముట్టి తెలిసికొనవలసినదే గాని కాగితము మీద నేర్చుకొనుట కష్టము.

అయితే ఈ శిష్యరికమునకు ఒక కంచె యుండెను. పని తండ్రి నుండి కుమారునికి, మేనమామ నుండి మేనల్లునికి, అనగా కులములోపలనే సాగెను. మన సంఘములలో అధిక భాగము ఏ పేటల నుండి వచ్చిరో పాఠకులకు మేము చెప్పనక్కరలేదు. ఆ పేటల పిల్లవానికి రాయి మోయు పని దొరికెను గాని తాపీ పట్టు పని దొరుకుట అరుదు. ఇంగ్లీషువారి యేలుబడిలో 1850లో వచ్చిన అప్రెంటిసుల చట్టము ఈ దృష్టితో చూడదగినది. అనాథలకు, ధర్మసంస్థలలో పెరిగిన పేద పిల్లలకు చేతిపని నేర్పించుటకై అది ఏర్పడినది. 10 సంవత్సరములు మొదలుకొని 18 లోపు పిల్లలను 7 సంవత్సరములకు మించని ఒడంబడికతో పనివాని యొద్ద ఉంచవచ్చును. ఆ ఒడంబడికలో యజమానునికి లాభము, పిల్లవానికి చాకిరి ఎక్కువైన సందర్భములు లేవని మేమనము. అయినను పుట్టుకతో సంబంధము లేకుండ పని నేర్చుకొనవచ్చునని చట్టము ఒప్పుకొనుట చిన్న సంగతి కాదు. నిజాము రాజ్యమునకు ఆ చట్టము వర్తింపదు; కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాజధానిలోనివి.

మిషను కర్మాగారములలో ప్రసిద్ధి చెందినది బాసెల్ మిషను వారిది. 1865లో మంగుళూరులో వారు పెంకుల కర్మాగారమును స్థాపించిరి. ఆ మంగుళూరు పెంకునే మన పల్లెలలో బెంగుళూరు పెంకు అందురు. ఊరు మారినను పెంకు మారలేదు.

మన తెలుగు సంఘముల గొప్ప కట్టడములు రెండింటిని ఇక్కడ తలచుకొనవలెను. మెదక్ కెథెడ్రల్ 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడినది. కరవు కాలములో ఆకలిగొన్న ప్రజలకు పని కల్పించి, కూలి రూపమున అన్నము పెట్టుచు, రెవరెండు చార్లెస్ వాకర్ పోస్నెట్టు దానిని కట్టించెను. 2024లో దానికి నూరేండ్లు నిండినవి. దోర్నకల్ కెథెడ్రల్ 1939 జనవరిలో ఎపిఫనీ పండుగనాడు ప్రతిష్ఠింపబడినది. బిషప్పు అజరయ్యగారు అందులో మన దేశపు దేవళముల, మసీదుల రూపములను కలిపించిరి. ఈ రెండును చేతిపనితో లేచినవి. కరవు పనిలో రాయి మోసిన చేతికి కరవున్నంత కాలమే కూలి; రాయి చెక్కుట నేర్చిన చేతికి కరవు తీరిన పిమ్మటను పని యుండును. మెదక్ మందిరములోని రంగుటద్దముల కిటికీలు మూడును ఫ్రాంక్ సాలిస్‌బరీ చేసినవి. వాటిని 1927, 1947, 1958 సంవత్సరములలో అమర్చిరి. అద్దము చేసినది ఇంగ్లండులోనే యైనను, దాని చుట్టుపట్ల గోడను చెమ్మ లేకుండ కాపాడవలసిన పని ఇక్కడివారిది.

ఇంతలో సిమెంటు వచ్చెను. 1914లో పోర్‌బందరు కర్మాగారము ఉత్పత్తి మొదలిడెను. ఆ తరువాత అర్ధ శతాబ్దములో సిమెంటు పల్లెలకు చేరెను. కొత్త కట్టడమునకు అది ఎంతో మేలు చేసినది. దానిమీద మాకేమియు ఫిర్యాదు లేదు. చిక్కెక్కడనగా, సున్నముతో కట్టిన పాత గోడ ఊపిరి పీల్చు గోడ. దానిలోనికి పోయిన తడి సున్నపు గచ్చు గుండ ఆరిపోవును. దానిపై సిమెంటు పూసినచో తడి లోపలనే నిలిచిపోయి, లవణములు పొంగి, గచ్చును మాత్రమే గాక ఇటుక ముఖమును, మెత్తని రాతి ముఖమును కూడ ఊడదీసికొని వచ్చును.

మేము ఇప్పుడు సేవచేయుచున్న పాస్టరేటులో ఇదియే జరిగినది. మేము రాకపూర్వము ఒక గుత్తేదారు గంటగోపురము లోపలి గోడకు సిమెంటు పూసి, రంగు వేసి, సొమ్ము తీసికొని పోయెను. నాలుగు వానకాలములు గడువగా ఆ పూత పలకలు పలకలుగా రాలి, దానితో ఇటుకల పై పొర వచ్చినది. మా సంఘములో వృద్ధుడైన తాపీ మేస్త్రి ఒకరు దానిని చూచి, "గోడకు జ్వరం వస్తే గొంగళి కప్పారయ్యగారూ" అనిరి. తానెందుకు అప్పుడే చెప్పలేదని అడుగగా, తన్నెవరును అడుగలేదనిరి. ఆయన కుమారులిద్దరును పట్టణములో వేరు పనులలో నున్నారు. వారిని తప్పు పట్టుటకు వీలులేదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1950లో చేతిపనుల శిక్షణా పథకము మొదలై ఐ.టి.ఐ.లు వెలసినవి. 1850 నాటి చట్టమును తీసివేసి 1961లో కొత్త అప్రెంటిసుల చట్టము చేసిరి. 1998లో హైదరాబాదులో నిర్మాణ రంగ శిక్షణకై న్యాక్ ఏర్పడినది. 2016లో అప్రెంటిసు వేతనములో నాలుగవ వంతు, నెలకు 1,500 రూపాయలు మించకుండ, కేంద్ర ప్రభుత్వము భరించు పథకము వచ్చెను. 30 మంది లేక అంతకు మించి పనివారు గల సంస్థలు అప్రెంటిసులను తీసికొనవలెనని 2019 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఇవన్నియు మంచివే. మంచి ఎలక్ట్రీషియను, మంచి ప్లంబరు మనకు ఈ దారినే వచ్చుచున్నారు. అయితే తాపీపని నేర్పుచోట ఇటుక, సిమెంటు, కాంక్రీటులదే ప్రధాన స్థానము. పైగా తరగతిలో నేర్చినది ఏదో ఒక గోడను గూర్చి. మరమ్మతు చేయువానికి కావలసినది ఈ గోడను గూర్చి. ఏ తూము ఏ కార్తెలో పూడునో, ఏ దూలమునకు చెద పట్టునో, పాత వైర్లు ఏ మూలగా పోయినవో తెలిసినవాడు అదే కట్టడములో పని నేర్చినవాడే.

సున్నపు పని మరల నేర్పుటకు వీలుపడునా అని సందేహించువారు గోలకొండకు పోయి చూడవలెను. అక్కడి కుతుబ్‌షాహీ సమాధుల జీర్ణోద్ధరణ ఆగా ఖాన్ ట్రస్టువారి పూనికతో 2013లో మొదలై 2024లో ముగిసినది. వెనుకటి మరమ్మతులలో పడిన సిమెంటును గీకి తీసివేసి సున్నపు గచ్చునే మరల పూసిరి. అన్ని ఏండ్లు ఒకే చోట పని సాగినందువలన మేస్త్రుల చేతులు తిరిగినవి. చార్మినారు మినారు నుండి 2019 మే నెలలో గచ్చు పెళ్ల ఊడి పడినప్పుడు బాగుచేయుటకు కావలసినది కూడ ఈ పనితనమే.

మా సంఘములో ఇద్దరు యౌవనస్థులను, ఒకనిని ఐ.టి.ఐ. ముగించినవానిని, మరియొకని పదవ తరగతి తరువాత చదువు మానినవానిని, ఆ వృద్ధ మేస్త్రిగారి యొద్ద పనికి పెట్టితిమి. నెలకు ఇంతయని సంఘపు నిధి నుండి ఇయ్యవలెనని కమిటీలో తీర్మానము చేయుటకు మూడు సమావేశములు పట్టినవి. జీతము కాదు, దానము కాదు, మరి దీనిని ఏ పద్దు క్రింద వ్రాయవలెనని కోశాధికారి అడిగిరి. చివరకు "మందిర మరమ్మతులు" క్రిందనే వ్రాసిరి.

మేస్త్రిగారికి ఇప్పుడు నిచ్చెన ఎక్కు ఓపిక లేదు. మృగశిర కార్తెకు ముందు ఒక శనివారము కుర్చీ వేసికొని గోపురము లోపల కూర్చుండిరి. పిల్లలు పరంజా మీద నిలిచి కొయ్యపిడితో గోడను జానెడు జానెడు దూరమున తట్టుచుండిరి. గట్టిగా నున్న చోట గోడ ఒక రీతిగా పలుకును, లోపల విడిపోయిన చోట బోలుగా పలుకును. ఆయన కండ్లు మూసికొని వినుచు, "అక్కడ ఆగు నాయనా, ఇంకొంచెం ఎడమకి కొట్టు" అనుచుండిరి. బోలుగా పలికిన చోటనెల్ల వారు సుద్దముక్కతో సున్న చుట్టిరి. మధ్యాహ్నమునకు 14 సున్నలు పడినవి. సాయంకాలము ఆయనను అడుగకయే పిల్లలు మరి మూడు గీసిరి.