శరణాలయం నుంచి సందర్శనస్థలం దాకా: విదేశీ అనాథాశ్రమాలలో క్రైస్తవ సేవాయాత్రల చరిత్ర

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా వంటి దేశాల చర్చిల నుంచి యువతీయువకులు బృందాలుగా బయలుదేరి, ఆసియాలోనో ఆఫ్రికాలోనో కరీబియన్ దీవులలోనో ఉన్న ఒక అనాథాశ్రమంలో వారం పది రోజులు గడిపి, పిల్లలతో ఆడిపాడి, గోడలకు రంగులు వేసి, బైబిలు కథలు చెప్పి తిరిగి వెళ్ళే ఆచారం ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో రూపుదిద్దుకుంది. మతప్రచారానికీ సేవకూ పరదేశానికి పంపబడడమనే అర్థంలో వాడే ‘మిషన్’ అన్న మాటకు కాలపరిమితి జోడించి, దీనిని స్వల్పకాలిక మిషన్ యాత్ర అని వ్యవహరిస్తారు. ఆచారం కొత్తదే అయినా, దానికి ఆధారమైన రెండు భావాలు, అంటే అనాథను చేరదీయడం దైవసేవ అన్న నమ్మకమూ, దూరదేశపు బిడ్డ కోసం స్వదేశంలో చందాలు పోగుచేసే పద్ధతీ, కనీసం మూడు వందల ఏళ్ళ నాటివి. ఈ మూడు శతాబ్దాలలో అన్నిటికన్నా ఎక్కువగా మారినది సేవకుడు బిడ్డ దగ్గర ఉండే కాలం. అది జీవితకాలం నుంచి ఏళ్ళకూ, ఏళ్ళ నుంచి రోజులకూ కుదించుకుపోయిన కొద్దీ, ఆశ్రమం బిడ్డ అవసరం కోసం నడుస్తున్నదా, వచ్చిపోయేవారి అవసరం కోసం నడుస్తున్నదా అన్న ప్రశ్న బలపడుతూ వచ్చింది.

బైబిలు కొత్త నిబంధనలోని యాకోబు పత్రిక, దిక్కులేని పిల్లలనూ విధవరాండ్రనూ వారి కష్టకాలంలో ఆదుకోవడాన్ని నిర్మలమైన భక్తికి గుర్తుగా చెబుతుంది. ఆ బోధను ఒక పెద్ద సంస్థగా మలిచినవారిలో ముఖ్యుడు జర్మనీలోని హాలే నగరానికి చెందిన ఆగస్ట్ హెర్మన్ ఫ్రాంకే. మతాచారాల కంటే అంతరంగ భక్తికీ సత్కార్యానికీ ప్రాధాన్యమిచ్చే ‘పయటిజం’ అనే ఉద్యమానికి నాయకుడైన ఆయన 1695లో పేదపిల్లల బడితో మొదలుపెట్టి, 1698లో అనాథాశ్రమ ప్రధాన భవనానికి పునాది వేశాడు. దాని చుట్టూ బడులు, ముద్రణాలయం, ఔషధశాల వెలిసి, వాటి రాబడి సంస్థకు ఆదరువయింది. హాలేలో శిక్షణ పొందిన బార్తొలోమియస్ జీగెన్‌బాల్గ్ 1706లో తమిళదేశపు తీరాన ఉన్న తరంగంబాడిలో అడుగుపెట్టిన తరువాత, అక్కడి మిషనరీలు పంపిన నివేదికలు హాలేలో అచ్చయి ఐరోపా అంతటా చందాదారులకు చేరేవి. ఎన్నడూ చూడని బిడ్డ కోసం డబ్బు పంపే అలవాటు ఆ నివేదికల ద్వారానే బలపడిందని చెప్పవచ్చు. తెలుగువారికి కూడా హాలేతో సంబంధం ఉంది: మద్రాసులో తెలుగు నేర్చిన బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ 1743లో స్వదేశానికి మరలి, 1746-47 ప్రాంతంలో హాలే నగరంలోనే తెలుగులో క్రైస్తవ మతబోధ పుస్తకాలను అచ్చువేయించాడు, అవి తెలుగు అచ్చు చరిత్రలో తొట్టతొలి పుస్తకాలలో చేరినవి.

హాలే నమూనా అట్లాంటిక్ మహాసముద్రాన్నీ దాటింది. ఆంగ్ల ప్రసంగీకుడు జార్జ్ విట్‌ఫీల్డ్ 1740లో అమెరికాలోని జార్జియా వలసరాజ్యంలో సవానా పట్టణం సమీపాన బెథెస్డా అనే అనాథాశ్రమాన్ని స్థాపించి, ఊరూరా ప్రసంగాలు చేస్తూ దానికి నిధులు కూడబెట్టాడు. ఆ నిధులు చాలకపోవడంతో ఆశ్రమ పోషణకు బానిసల చేత సేద్యం చేయించాలని తలచి, జార్జియాలో అప్పటివరకు నిషేధంలో ఉన్న బానిసత్వానికి అనుమతి ఇవ్వాలని ఆయన వాదించాడు. 1751లో ఆ నిషేధం తొలగిపోయింది. ఆశ్రమాన్ని నిలబెట్టడమే లక్ష్యమైనప్పుడు ఆ లక్ష్యం కోసం ఇతరుల బతుకులు పణంగా మారవచ్చునన్న సంగతికి ఇది ఈ చరిత్రలో తొలి ఉదాహరణ.

హాలేలో చదివిన మరొక యువకుడు జార్జ్ ముల్లర్ 1836లో ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో ఒక అద్దె ఇంటిలో ఆశ్రమం తెరిచాడు. ఎవరినీ నేరుగా డబ్బు అడగకుండా, ప్రార్థన మీదనే ఆధారపడి, జమాఖర్చులతో కూడిన వార్షిక వృత్తాంతాలను ప్రకటించడం ఆయన పద్ధతి. 1870 నాటికి నగర శివారులో అయిదు పెద్ద భవనాలలో 2,050 మంది పిల్లలకు చోటు ఏర్పడింది. ముల్లర్ బావమరిది ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ ప్రోత్సాహంతో విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు ఆ 1836లోనే సకుటుంబంగా ఇంగ్లండు నుంచి బయలుదేరి, గోదావరి డెల్టాలోని నరసాపురం ప్రాంతంలో మిషన్ పనికి పునాది వేశారు. సూయెజ్ కాలువ లేని ఆ రోజులలో ఆఫ్రికా దక్షిణాగ్రాన్ని చుట్టి రావడానికే నెలలు పట్టేది కాబట్టి, వచ్చినవారు భాష నేర్చుకుని, అక్కడే కాపురముండి, చాలామంది అక్కడే కన్నుమూశారు. తమిళదేశంలోని దోనావూరులో వందలాది బాలబాలికలను పెంచిన ఏమీ కార్మైకేల్ 1895లో భారతదేశానికి వచ్చి, 1951లో మరణించే దాకా ఒక్కసారి కూడా స్వదేశానికి వెళ్ళలేదు.

ఆ తరం వారి సేవ వివాదాలకు అతీతమైనదేమీ కాదు. తెలుగువారు ధాత కరువుగా చెప్పుకునే 1876-78 నాటి క్షామంలో మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలాది జనం చనిపోగా, పెద్దదిక్కు పోయిన పిల్లలు మిషన్ కాంపౌండ్లకు చేరారు. అన్నం పెట్టి మతం మారుస్తున్నారన్న ఆందోళన దేశమంతటా పుట్టి, స్వదేశీ సంస్కర్తలను కదిలించింది: ఆర్యసమాజం 1877లో పంజాబులోని ఫిరోజ్‌పూర్‌లో అనాథాలయం తెరిచింది, తరువాతి కాలంలో పిఠాపురం రాజావారి పోషణలో, బ్రహ్మసమాజ ప్రభావంతో, కాకినాడలోనూ అనాథ శరణాలయం వెలిసింది. అయినప్పటికీ నాటి మిషన్ ఆశ్రమాలలో బిడ్డకు ఒక భరోసా ఉండేది: తనను పెంచిన దొరసాని మరుసటి వారం ఊరు విడిచి పోయేది కాదు.

ఇరవయ్యో శతాబ్దంలో చందాదారుకూ బిడ్డకూ ఉన్న సంబంధం రూపు మారింది. అమెరికాలో ప్రెస్బిటేరియన్ పాస్టరైన జె. కాల్విట్ క్లార్క్ 1938లో చైనా బాలల కోసం స్థాపించిన నిధి, ఒక దాతకు ఒక బిడ్డను కేటాయించే ‘స్పాన్సర్‌షిప్’ పద్ధతిని వ్యాపింపజేసింది. కొరియా యుద్ధకాలంలో బాబ్ పియర్స్ 1950లో వరల్డ్ విజన్‌నూ, ఎవరెట్ స్వాన్సన్ 1952లో నేడు కంపాషన్ ఇంటర్నేషనల్‌గా పేరొందిన సంస్థనూ ఆరంభించారు. నెలనెలా కొంత సొమ్ము పంపిన దాతకు బిడ్డ ఫోటో, ఉత్తరం అందేవి. పూర్వం నివేదికలో ఒక అంకెగా ఉన్న బిడ్డ ఇప్పుడు ఒక పేరుతో, ఒక ముఖంతో దాత ఇంటి గోడ మీదికి చేరింది. ఫోటోలో చూసిన ముఖాన్ని కళ్ళారా చూడాలన్న కోరిక తీరడానికి ఇక విమాన ప్రయాణం చవక కావడమే తరువాయి.

జార్జ్ వెర్వర్ 1957 వేసవిలో ఇద్దరు మిత్రులతో మెక్సికోకు వెళ్ళిన యాత్ర నుంచి ఆపరేషన్ మొబిలైజేషన్ అనే సంస్థ పెరిగింది. లోరెన్ కన్నింగ్‌హామ్ 1960లో యూత్ విత్ ఎ మిషన్‌ను స్థాపించాడు. మిషనరీ కావడానికి ఏళ్ళ తరబడి శిక్షణ అక్కరలేదు, కాలేజీ సెలవులలో కూడా సేవ చేయవచ్చునన్న భావన ఈ సంస్థల వల్ల సామాన్యమైంది. రాబర్ట్ వుత్నో అనే సామాజిక శాస్త్రవేత్త 2005 నాటి సర్వే ఆధారంగా వేసిన లెక్కలో, అమెరికన్ చర్చి సభ్యులలో ఏటా సుమారు 16 లక్షల మంది ఇటువంటి విదేశీ యాత్రలు చేస్తున్నారనీ, ప్రయాణ దినాలు పోగా వారు అక్కడ గడిపే కాలం మధ్యస్థంగా ఎనిమిది రోజులేననీ తేలింది. యాత్ర నమూనా కూడా దాదాపు అంతటా ఒకటే: బంధుమిత్రులకు ఉత్తరాలు రాసి ఖర్చులు సమకూర్చుకోవడం, బృందంగా వెళ్ళి తెలుగు సంఘాలకు కూడా వీబీఎస్‌గా సుపరిచితమైన సెలవుల బైబిలు బడిని నడపడం, బొమ్మలూ బట్టలూ పంచడం, తిరిగివచ్చి చర్చిలో సాక్ష్యం చెప్పడం. భాష రాకపోయినా చేయగలిగిన పని పిల్లలను ఎత్తుకోవడం, ఆడించడం కాబట్టి, అనాథాశ్రమమే ఈ బృందాలకు అత్యంత అనువైన మజిలీ అయింది.

ఈ బృందాలను పంపిన దేశాలు తమ గడ్డ మీద అప్పటికే అనాథాశ్రమాలను వదులుకుంటున్నాయన్నది ఇక్కడ గుర్తుంచుకోవలసిన సంగతి. అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్వెల్ట్ 1909లో వైట్‌హౌస్‌లో జరిపిన సమావేశం, బిడ్డకు ఇంటిని మించిన చోటు లేదనీ, పేదరికం ఒక్కటే కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయరాదనీ తీర్మానించింది. బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికలో, పసితనంలో ఒకరితో స్థిరంగా ఏర్పడే అనుబంధం మానసిక ఆరోగ్యానికి ఎంత అవసరమో నిరూపించే ప్రయత్నం చేశాడు. బ్రిస్టల్‌లోని ముల్లర్ భవనాలనే 1958లో అమ్మివేసి, పిల్లలను చిన్న చిన్న కుటుంబ గృహాలకు మార్చారు. తమ పిల్లలకు తగదని తేల్చుకున్న ఏర్పాటునే పరదేశపు పిల్లలకు దయగా అందించడంలోని వైరుధ్యం చాలాకాలం ఎవరి దృష్టికీ రాలేదు.

రుమేనియాలో 1989లో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు, ప్రభుత్వాశ్రమాలలో లక్షకు పైగా పిల్లలు ఉన్నట్టు ప్రపంచానికి తెలిసింది. పాశ్చాత్య చర్చిల వారు తండోపతండాలుగా అక్కడికి తరలివెళ్ళారు. రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన ఒక పరిశోధన 136 మంది పిల్లలను గమనిస్తూ, వారిలో కొందరిని చీటీల పద్ధతిలో ఎంపిక చేసి పెంపుడు కుటుంబాలకు అప్పగించగా, కుటుంబాలకు చేరినవారి, ముఖ్యంగా రెండేళ్ళ లోపే చేరినవారి, మేధోవికాసమూ అనుబంధాలూ మెరుగుపడినట్టు కనుగొంది. ఆశ్రమంలో పెరిగిన బిడ్డ ఎరగని మనిషి ఒడిలోకైనా వెంటనే చేరిపోవడాన్ని సందర్శకులు ఆప్యాయతగా భావించేవారు; శాస్త్రజ్ఞులు దానిని, నమ్మకంగా పట్టుకోవడానికి ఒకే మనిషి దొరకని బిడ్డలో కనిపించే లోపంగా గుర్తించారు. వారానికొక బృందం వచ్చి, ముద్దుచేసి, వీడ్కోలు చెప్పి వెళ్ళడం ఆ గాయాన్నే మళ్ళీ మళ్ళీ రేపడమని విమర్శకుల వాదన.

సందర్శకుల రాక ఆశ్రమాల సంఖ్యనే పెంచగలదని కంబోడియా చూపింది. యూనిసెఫ్ 2011లో వెల్లడించిన వివరాల ప్రకారం అక్కడి ఆశ్రమాలు 2005లో 154 ఉండగా 2010 నాటికి 269 అయ్యాయి, వాటిలోని పిల్లలు 6,254 నుంచి 11,945కు పెరిగారు. యుద్ధమో క్షామమో లేని ఆ అయిదేళ్ళలో అనాథలు అంతగా పెరగడానికి కారణం లేదు. పైగా ఆ పిల్లలలో ప్రతి నలుగురిలో ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. చదువూ తిండీ దొరుకుతాయన్న ఆశతో పల్లెల్లోని పేద తల్లిదండ్రులు పిల్లలను అప్పగిస్తే, వారిని చూడవచ్చిన విదేశీయుల విరాళాలు ఆశ్రమాన్ని పోషించేవి, ఆశ్రమం నిండుగా ఉండడమే విరాళాలకు షరతుగా మారేది. హైతీలో 2010 జనవరి భూకంపం తరువాత పదిమంది అమెరికన్ బాప్టిస్టులు 33 మంది పిల్లలను పత్రాలు లేకుండా డొమినికన్ రిపబ్లిక్‌కు తరలించబోయి సరిహద్దులో అరెస్టయినప్పుడు, ఆ పిల్లలలోనూ అధికభాగం తల్లిదండ్రులు ఉన్నవారేనని బయటపడింది.

ఈ తికమకకు ‘అనాథ’ అన్న మాట నిర్వచనం కూడా కొంత కారణం. అంతర్జాతీయ గణాంకాలు తల్లిదండ్రులలో ఒక్కరిని కోల్పోయిన బిడ్డను కూడా ఆ లెక్కలోనే చేర్చుతాయి కాబట్టి, 2015లో ప్రపంచంలోని అనాథలు సుమారు 14 కోట్లని యూనిసెఫ్ చెప్పగా, ఇద్దరినీ కోల్పోయినవారు అందులో దాదాపు కోటిన్నర మాత్రమే. తెలుగు వాడుకలో తండ్రి పోయినా తల్లి, అమ్మమ్మ, మేనమామ ఉన్న బిడ్డను తండ్రిలేని బిడ్డ అంటారే తప్ప దిక్కులేని బిడ్డ అనరు. చందాల కరపత్రంలో మాత్రం ఆ రెండు స్థితులకూ ఒకే మాట సరిపోయింది.

దిద్దుబాటు గత పదిహేనేళ్ళలో వేగం పుంజుకుంది. కంబోడియా 2015లో ఆశ్రమాలపై నియంత్రణ విధించి, పిల్లలను ఇళ్ళకు చేర్చే కార్యక్రమం చేపట్టింది. భారతదేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం సంస్థలో ఉంచడాన్ని చివరి మార్గంగా పేర్కొని, పిల్లల సంరక్షణ గృహాలన్నీ నమోదు కావాలని నిర్దేశించగా, 2017 మే నెలలో సుప్రీంకోర్టు ఆ నమోదును ఏడాది చివరికల్లా పూర్తిచేయాలని ఆదేశించింది. ఈ నిబంధనలు విదేశీ చర్చిల తోడ్పాటుతో పాస్టర్లు నడిపే చిన్న ‘హోము’లకూ వర్తించాయి. ఆస్ట్రేలియా పార్లమెంటు సంఘం 2017లో ఆశ్రమాల కోసం పిల్లలను తరలించడాన్ని ఆధునిక బానిసత్వపు రూపంగా గుర్తించాలని సూచించింది. క్రైస్తవ సంస్థలలోనే కొన్ని, క్యాథలిక్ రిలీఫ్ సర్వీసెస్ వంటివి, ఆశ్రమాలకు వెళ్ళే డబ్బును కుటుంబాల పోషణకు మళ్ళించే కార్యక్రమాలలో చేరాయి. 2019 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ బాలల హక్కులపై చేసిన తీర్మానంలో, అనాథాశ్రమ పర్యటనలూ అక్కడి స్వచ్ఛంద సేవలూ పిల్లలకు కలిగించే హానిని ప్రస్తావించి, వాటిని అరికట్టాలని కోరింది. పేదరికం కారణంగా బిడ్డను ఇంటి నుంచి వేరు చేయరాదన్న మాటను అమెరికా తన పిల్లల విషయంలో ఒప్పుకున్నది 1909లో. ఆ మాట ఆ దేశపు చర్చిలు చూడబోయే పిల్లల దాకా రావడానికి నూట పదేళ్ళు పట్టింది.