ఆరు వందల డాలర్ల లెక్క

2020 మార్చి ఆఖరి వారం ఒక్కదాంట్లోనే అమెరికాలో 60 లక్షల మందికి పైగా నిరుద్యోగ భృతికి దరఖాస్తు చేసుకున్నారు. ఆ వారమే, 27వ తేదీన, కేర్స్ చట్టం వచ్చింది. రాష్ట్రాలు ఇచ్చే భృతి మీద కేంద్రం వారానికి మరో 600 డాలర్లు కలిపింది. మామూలుగా దీనికి నోచుకోని క్యాబ్ డ్రైవర్లకీ, సొంతంగా పని చేసుకునేవాళ్ళకీ వేరే పథకం పెట్టింది.

అందరికీ ఒకే 600 ఎందుకు? పోయిన జీతాన్ని బట్టి ఎవరిది వాళ్ళకి ఇవ్వొచ్చు కదా? మొదట అనుకున్నదీ అదే. కానీ చాలా రాష్ట్రాల కంప్యూటర్లు ఒక్కొక్కరికీ విడిగా ఆ లెక్క వెయ్యలేవన్నారు. సగటు జీతంలోంచి సగటు భృతి తీసేస్తే సుమారు 600 వచ్చింది, దాన్నే ఖాయం చేశారు. దాంతో తక్కువ జీతగాళ్ళలో చాలామందికి పోయిన జీతం కంటే ఎక్కువే వచ్చింది. షికాగో యూనివర్సిటీ ఆర్థికవేత్తల అంచనాలో మూడింట రెండు వంతుల మంది ఇలాంటివాళ్ళే. ఇంకేముంది, జనం సోమరిపోతులైపోతారని గోల మొదలైంది. జులై ఆఖరుకి గడువు తీరితే కాంగ్రెస్ పొడిగించలేదు.

ఒక గుణకారం చెయ్యలేని కంప్యూటర్లేంటి? ఏప్రిల్‌లో న్యూజెర్సీ గవర్నర్ ఫిల్ మర్ఫీ, కోబాల్ తెలిసినవాళ్ళు సాయానికి రమ్మని అడిగాడు. 60 ఏళ్ళ నాటి భాష కదా, తప్పంతా దాని మీదకి తోసెయ్యడం తేలికైంది.

మరి ఫ్లోరిడా సంగతి? అక్కడి సిస్టమ్ 2013లో కొత్తగా కట్టింది. అయినా అదీ కుప్పకూలింది. ఏప్రిల్‌లో హయలీయా ఊళ్ళో జనం కాగితం ఫారాల కోసం, కరోనా భయంలోనే, బారులు తీరారు. జనం విసిగి వదిలేసేలా అడ్డంకులు పెట్టి దాన్ని తయారుచేసినట్టుందని ఆగస్టులో గవర్నర్ డిసాంటిసే అన్నాడు.

దీని వెనక చరిత్ర ఉంది. 1935 నాటి సోషల్ సెక్యూరిటీ చట్టం భృతి నడిపే పని రాష్ట్రాలకి వదిలేసింది. ఖర్చు యజమానుల పన్నులోంచి వస్తుంది. ఎంత తక్కువ మందికి ఇస్తే పన్ను అంత తగ్గుతుంది. 2011లో ఫ్లోరిడా భృతి ఇచ్చే వారాలు తగ్గించి, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే చెయ్యాలని చట్టం చేసింది. ఆ ఉద్దేశమే రెండేళ్ళకి సాఫ్ట్‌వేర్ అయింది. 2020లో కేంద్రం డబ్బు పంపినా, అది వెళ్ళాల్సింది ఆ దారిలోనే.

ఇది చదివేవాళ్ళలో చాలామంది నాలాగే ఇలాంటి ఫారాలు రాసి బతికేవాళ్ళు. ఫలానా గడి నింపకపోతే ముందుకి పోనివ్వొద్దని రిక్వైర్‌మెంట్ వస్తుంది, రాసేస్తాం. ఆ గడి దగ్గర ఆగిపోయేది ఎవరు, వాళ్ళు ఆగిపోతే ఎవరికి లాభం అని మీటింగ్‌లో ఒక్కసారైనా అడగాలి. హయలీయాలో బారులు తీరినవాళ్ళకి ఆ ప్రశ్న ఏడేళ్ళ ముందే ఎవరో అడిగి ఉండాల్సింది.