తీరిక వేళ పని

క్రిస్మస్ చెట్టుకు వేలాడే లేసు నక్షత్రాన్ని చూసి ‘ఎంత ఓపికో!’ అంటాం. ఆ ఓపికకు కూలెంతో అడగం.

పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ స్త్రీలు గోదావరి ప్రాంతంలో పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లిక నేర్పారు. తర్వాత నరసాపురం చుట్టుపక్కల ఘోషా పాటించే పేద కాపు స్త్రీలకూ అది గడప దాటనక్కర్లేని పని అయింది. విదేశాలకు ఎగుమతయ్యే సరుకు అల్లుతున్నా వారిని ‘గృహిణులు’ అన్నారు, వారి శ్రమను ‘తీరిక వేళ పని’ అన్నారు. కూలి తక్కువగా ఉండటానికి ఆ మాటలే ఆసరా అని 1982లో వచ్చిన తన పుస్తకంలో మరియా మీస్ చూపించింది. వ్యాపారం మాత్రం మగవాళ్లది.

హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లలో జర్దోసీ కుట్టే ముస్లిం స్త్రీలదీ ఇదే కథ: ఇల్లే కార్ఖానా, ముక్కకింత కూలి.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అల్లే ఆమెను కార్మికురాలిగా గుర్తించటం మిగిలే ఉంది.